నాన్నకు రాసిన రెండు మాటలు

మా తెలుగు సంఘం వార్షికోత్సవం దగ్గర పడిందంటే కార్యదర్శి గురునాథరావుగారు నాకు ఫోన్ చేస్తారు. భిలాయిలో ఉత్సవానికి వచ్చే అతిథుల్లో సగంమందికి తెలుగు రాదు. అందుకని కార్యక్రమాల పుస్తకంలో ప్రతి కళాకారుడి గురించీ ఇంగ్లీషులో రెండు వాక్యాలుండాలి. అవి రాసేది నేను. స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. మాటలు ఏరడంలో నాకు పేరుంది, ఆ పేరంటే నాకు మోజు కూడా ఉంది.

ఈసారి కల్యాణి కూచిపూడికి 'ఎలిగెంట్' అని రాసి, చాలదనిపించి కొట్టేసి, 'ఎక్స్‌క్విజిట్' అని పెట్టడానికి గంట పట్టింది. వీణకు 'సోల్‌ఫుల్' పోయినేడే వాడేశాను కాబట్టి 'లిరికల్' వేశాను. అలా అందరికీ కొలతలు తీసి కుట్టినట్టు మాటలు అమర్చుకుంటూ వచ్చి చివరి పేరు దగ్గర ఆగిపోయాను. తప్పెటగుళ్ళు, దాలయ్య బృందం.

దాలయ్య మా నాన్న. ఇక్కడి స్టీల్ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యాడు. నందిని సున్నపురాయి గనుల్లో పనిచేసిన ఐదుగురు పాత స్నేహితులతో కలిసి, రొమ్ముకు తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో ఎగిరెగిరి ఆడతాడు. ముందు 'మాస్టర్లీ' అనే రాశాను. అంతలో మా ప్రిన్సిపాల్ గుర్తొచ్చారు. ఆవిడ ముందు వరసలో కూర్చుంటారు. నిక్కర్లేసుకుని చెమటలు కక్కుతూ గెంతే ముసలాళ్ళలో ఒకరు మా నాన్నేనని తెలుస్తుంది, పైగా నేనే పొగుడుకున్నానని నవ్వుతారు. సిగ్గేసింది. ఆ మాట కొట్టేసి 'అన్‌ట్రెయిన్డ్ బట్ ఎనర్జెటిక్' అని రాశాను. శిక్షణ లేదు గానీ హుషారుందని. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు, నేను ఆ మాటను అచ్చు కూడా వేయించాను. నాన్నకు ఇంగ్లీషు రాదు గదా అని ధీమా.

పుస్తకం రాసేది నేనని నాన్నకు ఎప్పుడూ చెప్పలేదు.

ఉత్సవం రోజు వ్యాఖ్యానం బిందుప్రియది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. కూచిపూడికి నా ఇంగ్లీషు చదివి, వెనక వరసలవాళ్ళ కోసం వెంటనే దాన్నే హిందీలో చెప్పింది. నాన్న వంతు వచ్చినా ఇలాగే హిందీలో చెబుతుంది. లేచి వెళ్ళి ఆ పిల్ల చెవిలో ఒక్క మాట చెబితే సరిపోయేది. ప్రిన్సిపాల్ పక్కన కూర్చున్నదాన్ని, లేవలేదు.

తప్పెటగుళ్ళ వంతు వచ్చింది. "ఇన్హోంనే కహీ సీఖా నహీ హై, పర్ జోష్ బహుత్ హై," అంది బిందుప్రియ నవ్వుతూ. ఎక్కడా నేర్చుకోలేదు గానీ హుషారు మాత్రం బోలెడుందని.

ప్లాంటులో నలభై ఏళ్ళు హిందీతోనే బతికిన మనిషి నాన్న. తెర పక్కన సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆ మాట విని పక్కవాడి మొహంలోకి చూశాడు. తర్వాత వెళ్ళి ఆడాడు. ఎలా ఆడాడో నాకు తెలియదు, నేను తల ఎత్తలేదు. చప్పట్లు మాత్రం చాలాసేపు మోగాయి. మా ప్రిన్సిపాల్ లేచి నిలబడి మరీ కొట్టారు.

మర్నాడు పొద్దున్న నాన్న ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఎవులు రాసినారో గానీ, తెలీక రాసుంతారమ్మా. నన్నంటే అన్నారు, మా గురువుకి మాటొచ్చింది. సంఘానికి ఇంగిలీసులో ఒక ఉత్తరం రాసియ్యి. మా గురువు అప్పలసూరి. ఆయన కాడ పదకొండేళ్ళు నేర్సినాను. మొదటేడంతా తప్పెట ముట్టుకోనీనేదు, అడుగులే ఏయించినాడు. అది కూడా రాయి."

అప్పలసూరి పేరు వినడం నాకదే మొదలు. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదు. పేరు రాశాను. అక్కడే కలం కింద పెట్టేశాను. తల కొట్టేసినట్టయింది.

"నేనే రాసేను నాన్నా."

నాన్న తిట్టలేదు. తిడితే కాస్త తేలికపడేదాన్ని. ఎందుకు రాశావనీ అడగలేదు. అడిగితే చెప్పడానికి, ముందు వరసలో ఒక కుర్చీ తప్ప నా దగ్గర కారణమేమీ లేదు. నా చేతికింద నుంచి కాగితం తీసుకుని, గురువు పేరు లోపలికి వచ్చేలా మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఉత్తరం ఒద్దులేమ్మా. నువ్వు రాసినావని నలుగురికీ తెలిస్తే నీకు నామోసీ."