ఆయమ్మ చెయ్యి

వంటింటి తలుపు దగ్గరగా వేసి, కుళాయి సన్నగా తిప్పి వదిలి, గుండీలమ్మ, ఆడపడుచు నిన్న అల్లిన ఊలు చదరాన్ని విప్పడం మొదలుపెట్టింది. నీళ్ళ చప్పుడులో కుట్లు ఊడే చప్పుడు కలిసిపోతుంది. అదేమంత పెద్ద చప్పుడని కాదు. అయినా పక్కగదిలో పడుకున్న ఆడపడుచు చెవులు ఇంకా చురుగ్గానే ఉన్నాయి. పాడైనవి చెవులు కావు.

చదరమని పేరే గాని అందులో చదరం లేదు. మూడు మూలలు సక్రమంగా తిరిగాయి. నాలుగో మూల దగ్గర చెయ్యి దారి తప్పింది, పక్కనే ఇంకో మూల మొలిచింది. మధ్యలో కుట్లు జారిపోయి ముక్కంతా పసిపిల్లల టోపీలా గుంటపడింది. గుండీలమ్మ కొస పట్టుకుని లాగింది. వరస వెనక వరస ఊడి ఒళ్ళో కుప్పగా పడింది. వంకీలు తిరిగిన ఊలుని మరిగే నీళ్ళ ఆవిరికి పట్టి సాపు చేసుకుంది. తర్వాత పీట మీద కూర్చుని, అదే ఊలుతో, అదే చదరాన్ని మళ్ళీ అల్లసాగింది.

"ఏం చేస్తున్నావే పొద్దున్నే?"

"పాలు కాస్తున్నా వదినా."

"ఇంతసేపా? గేదెని కూడా నువ్వే పిండుతున్నావా?"

"అయిపోయింది. తెస్తున్నా."

చివరి కుట్టు ముడేసి, కొస లోపలికి దోపి, చదరాన్ని ఆడపడుచు సంచిలో అడుగున పెట్టేసింది. ఆ తర్వాతే పాలు పొయ్యి మీదికెక్కాయి.

ఆడపడుచు ఆసుపత్రిలో పిల్లల వార్డులో ఆయాగా పనిచేసి రిటైరయిన మనిషి. వీధంతా ఆమెని ఆయమ్మ అనే పిలుస్తుంది. ఆ వార్డుకి దుప్పట్లు అల్లివ్వాలన్న ఆలోచన మొదట ఆమెదే. రంగురంగుల చదరాలు ఎవరింట్లో వాళ్ళు అల్లుకొస్తే, లైబ్రరీ వెనకగదిలో నలుగురూ కూర్చుని వాటిని కలిపి కుడతారు. ఆపరేషను గదిలోకి వెళ్ళే పిల్లవాడు దాన్ని కప్పుకునే వెళతాడు. ఇంటికెళ్ళేటప్పుడు అది వాడిదే, ఎవరూ తిరిగి అడగరు. "ఆసుపత్రిలో పిల్లలకి తమదంటూ ఒక్క వస్తువూ ఉండదే. చొక్కా కూడా ఆసుపత్రిదే" అనేది ఆయమ్మ.

గుండీలమ్మకి అల్లిక నేర్పిందీ ఆమే. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి గుండీలమ్మకి సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు. రాత్రి భోజనాలయ్యాక ఆయమ్మ ఆమె అల్లిన ముక్కని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసేది. తిట్టేది కాదు, గొంతు పెంచేది కాదు. ఒక్క మాట అనేది.

"విప్పు."

పొద్దస్తమానం కళ్ళు పొడుచుకుని అల్లింది క్షణంలో ఊడిపోయేది. మర్నాడు మళ్ళీ అదే. గుండీలమ్మ పెరట్లోకెళ్ళి ఏడ్చిన రోజులున్నాయి. లారీ తోలే మొగుడు, "మీ ఆడాళ్ళ మధ్యకి నన్ను లాగకండి" అని తాళాలు తీసుకుని వెళ్ళిపోయేవాడు. అతను ఓ మధ్యాహ్నం లారీని రోడ్డు వారగా ఆపుకుని, స్టీరింగు మీద తలవాల్చి అలాగే పోయాడు. ఆ ఇద్దరినీ కలిపినవాడే లేకపోయాక ఇంకెందుకు కలిసుంటారులే అనుకున్నారు అందరూ. వాళ్ళిద్దరి మధ్యా ఆ ప్రస్తావనే రాలేదు. కొన్నాళ్ళకి మళ్ళీ ఊలు సంచీలు బయటికొచ్చాయి. అంతే.

ఆయమ్మకి టిఫిను పెట్టి, గ్యాసు సిలిండరు వాల్వు కట్టేసి, ఒకటికి రెండుసార్లు చూసుకుని గుండీలమ్మ దుకాణానికి బయల్దేరింది. ఈ మధ్య అదో భయం. మొన్న ఖాళీ గిన్నె పొయ్యి మీద ఎర్రగా కాలింది. అంతకుముందు ఓ రోజు ఆయమ్మ సాయంత్రందాకా వాకిట్లో నిలబడి, తమ్ముడింకా రాలేదేమని దారినపోయే వాళ్ళని అడిగింది.

దర్జీ దుకాణంలో ఆమె పని గుండీలు కుట్టడం, కాజాలు తియ్యడం, అంచులు మడవడం. ఆ పేరూ అలా వచ్చిందే. మెషిన్ల వెనక, కిటికీ పక్కన ఆమె స్టూలు. వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు అరిగి పల్చబడింది. ఆ వేళ్ళకి ఈ పని దొరికింది ఒకప్పటి 'విప్పు' వల్లేనని ఆమెకి తెలుసు. తెలిసినందువల్ల ఆ మాట మీది కోపం పోలేదు.

ఇవాళ చెయ్యి మాట వినడం లేదు. పొద్దున ఆ చదరాన్ని లాగుతున్నప్పుడు లోపల ఏదో హాయిగా అనిపించింది. ఒక్క క్షణమే. దాహమైనప్పుడు నీళ్ళు దిగినట్టు. అది గుర్తొచ్చి ఇప్పుడు ముఖం వేడెక్కుతోంది. ముసలామె పరువు కాపాడుతున్నానని ఇన్నాళ్ళూ తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది. మరి ఆ హాయి ఎక్కడిది?

"ఏంటమ్మా, చొక్కాకి గుండీలు వీపున కుడుతున్నావు?" అన్నాడు మాస్టరు.

చూసుకుంటే నిజమే. పసిపిల్లాడి చొక్కా. కత్తెర తీసుకుని దారం తెంచింది.

ఆ చిన్న చొక్కా చేతిలో ఉండగానే ఒకనాటి సంగతి మెదిలింది. కడుపులోని బిడ్డ నెలలు నిండకుండానే పోయి, ఆమె గోడవైపు తిరిగి పడుకున్న రోజులు. ఆయమ్మ డ్యూటీ దిగి వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. సూదీ ఊలూ చేతిలో పెట్టింది. ఆరోజు అల్లింది అడ్డదిడ్డంగా వచ్చింది. ఆయమ్మ దాన్ని తిప్పి చూసి, మడిచి, తన సంచిలో పెట్టుకుంది. విప్పమనలేదు.

మధ్యాహ్నం సెలవడిగి వచ్చి, ఆయమ్మకి తల దువ్వి, చెయ్యి పట్టుకుని లైబ్రరీకి నడిపించింది. ఆ గదిలో పొడవాటి బల్ల మీద చదరాలు పరిచి ఉన్నాయి. ఈ వ్యవహారమంతా చూసేది రిటైరైన పంతులమ్మ ఒకావిడ. ఆవిడ ఆయమ్మ సంచిలోంచి చదరాలు తీసి, బల్ల మీద దొంతరగా పేర్చి, అంచులు వేలితో నిమిరి మురిసిపోయింది.

"చూడండమ్మా, చెయ్యంటే ఇదీ. ఈ వయసులో కూడా ఒక్క కుట్టు జారలేదు."

కొత్తగా చేరిన ఆడవాళ్ళు ముందుకి వంగారు. గుండీలమ్మ కిటికీలోంచి బయటికి చూడసాగింది. ఆయమ్మ దొంతరలో పైనున్న చదరాన్ని అందుకుంది. బొటనవేలితో అంచు పొడవునా తడిమింది. తిరగేసింది. వెలుతురుకి పట్టింది. ముప్పాతిక చూపు పోయిన కళ్ళు, కానీ వేళ్ళకి ఏ జబ్బూ లేదు.

"ఇది నాది కాదు" అంది.

"అదేంటండీ, మీ సంచిలోంచేగా తీశాను."

"సంచి నాదే. అల్లింది మా మరదలు. ఇది వదులు చెయ్యి. నాది బిగువు."

పంతులమ్మ ఇబ్బందిగా నవ్వింది. "మర్చిపోయి ఉంటారు లెండి."

"మర్చిపోతున్నాను. అది వేరే సంగతి" అంది ఆయమ్మ. చదరాన్ని దొంతర మీద పెట్టి, అంచులు సరిచేసి, కుర్చీలోంచి లేచింది.

తిరిగొచ్చేటప్పుడు సైకిళ్ళ దుకాణం దాటేసరికి ఎండ తగ్గింది. ఆయమ్మ చెయ్యి గుండీలమ్మ మోచేతిని పట్టుకునే ఉంది.

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

"అన్నీనా?"

"ముందు కొన్నే. ఇప్పుడు అన్నీ."

కొంతదూరం నడిచాక ఆయమ్మ అంది, "నాకు చెప్పుండాల్సింది."

"ఎలా చెప్పను వదినా?"

"నేను నీకు చెప్పలేదా? రోజూ చెప్పేదాన్నిగా."

"అందుకే చెప్పలేదు."

ఇన్నేళ్ళలో గుండీలమ్మ ఆ మనిషికి ఎదురు చెప్పడం ఇదే మొదలు. ఆయమ్మ ఆగిపోయింది. ఓ ఇంటి ప్రహరీ గోడకి చెయ్యి ఆన్చి ఊపిరి తీసుకుంది. మళ్ళీ అడిగినప్పుడు గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్న కుతూహలమే ఉంది.

"లాగేటప్పుడు బాగుండేదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. గుండీలమ్మ దాన్ని మింగేసింది.

"ఒక్కోసారి."

ఆయమ్మ తలూపింది. "నాకూ బాగుండేది" అంది. గోడ మీంచి చెయ్యి తీసి, "నీదంతా విప్పాల్సినంత ఘోరంగా ఏం ఉండేది కాదులే. సగం అయినా ఉంచాల్సింది" అంది.

గుండీలమ్మ కళ్ళు మండాయి. ఆ మాట కోసం పెరట్లో ఏడ్చిన పిల్ల ఇప్పుడు లేదు. ఉన్నది మోకాళ్ళ నొప్పులతో నడిచే ఆడమనిషి. ఆయమ్మ చెయ్యిని తన చేతి కిందికి ఇంకాస్త దగ్గరగా లాక్కుని నడిచింది.

ఇంటికొచ్చాక ఆయమ్మ వరండాలో కుర్చీ వేయించుకుంది.

"ఇక నేను అల్లను. నువ్వు అల్లు. నాకు ఉండలు చుట్టే పనివ్వు. దానికి కుట్ల లెక్క గుర్తుండక్కర్లేదు."

గుండీలమ్మ కొత్త ఆకుపచ్చ ఊలు లడి విప్పి, ఇంకో కుర్చీ వీపుకి తగిలించి, కొస ఆమె చేతికిచ్చింది. ముసలి వేళ్ళు నాలుగు చుట్లు చుట్టి, తిప్పి, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాయి.

"బిగించకండి వదినా, ఊలు సాగిపోతుంది."

"నాకు చెప్తున్నావా?" అంది ఆయమ్మ. నవ్విందో లేదో తెలియలేదు.

గుండీలమ్మ లోపలికెళ్ళి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. వరండాలో కుర్చీ కిర్రుమంటోంది. కాసేపటికి పిలుపు వినిపించింది.

"వాడొచ్చాడా?"

ఎప్పుడూ ఆ ప్రశ్నకి ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది, మీ తమ్ముడు పోయాడు వదినా అని. అన్నప్పుడల్లా ఆ ముఖం అప్పుడే కబురు విన్నట్టు పాలిపోయేది. ఇవాళ గరిటె పక్కన పెట్టి, "ఇంకా రాలేదు. వస్తాడు" అంది.

"సరే. అన్నం మూతపెట్టు."

వార్చిన గంజి పారబోసి, చేతులు తుడుచుకుని, దీపం వెయ్యడానికి వరండాలోకి వచ్చేసరికి కుర్చీ చప్పుడు ఆగి ఉంది. ఆయమ్మ తల ఓ పక్కకి ఒరిగింది. నిద్రేమో అనుకుంది. భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పొరుగావిడని కేకేసి పిలవాలని తెలుసు. పిలవకుండా ముందు ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. పాదాలింకా వెచ్చగానే ఉన్నాయి.

చీకటిపడే వేళకి ఇరుగుపొరుగు వచ్చారు. డాక్టరొచ్చి చూసి వెళ్ళాడు. నలుగురు పట్టి ఆయమ్మని లోపలికి చేర్చి మంచం మీద పడుకోబెట్టారు. ఎవరో వరండా ఊడుద్దామని చీపురు తెస్తే గుండీలమ్మ వద్దని చేత్తో సైగ చేసింది.

కుర్చీ వీపుకి సగం లడి వేలాడుతోంది. దాని కొస నేలమీద పాకుతూ వెళ్ళి, గడప దగ్గర, వేలు పెడితే లోపలికి దిగేంత వదులుగా చుట్టిన ఆకుపచ్చని ఊలు ఉండలో కలుస్తోంది.