సాంచాల గొంతు

నేను గుసగుస పెడితే వేములవాడ దాక ఇనవడ్తదంటది మా నర్మద. అబద్ధం. సిరిసిల్ల బస్టాండ్ దాక అయితే ఇనవడ్తది కావచ్చు. పెండ్లయిన కొత్తల ఒకసారి "నీ మీదనే పానం కొట్టుకుంటున్నదే" అని ఆమె చెవుల మెల్లగ చెప్పిన. తెల్లారి పక్కింటి లస్మవ్వ నల్లకాడ నిలవెట్టి, "రాజేశం, పానం ఇప్పుడెట్లున్నది" అని అడిగింది.

తప్పు నాది కాదు, సాంచాలది. పవర్‌లూములను మా దిక్కు సాంచాలంటం. కార్ఖానల అవన్ని ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కన పిడుగు వడ్డా తెల్వది. అందుకే మాకు రెండు తీర్ల మాటలున్నయి. ఒకటి ఒర్రుడు, రెండోది చేతులు. బొటనవేలు నోటికాడ పెడితే చాయ్ తాగుదామని. కడుపు నిమిరితే సేటు వస్తుండని. పిడికిలి బిగించి కిందికి గుంజితే సాంచ నడువనియ్ అని. ఇగ ఎవలినన్న పిలువాల్నంటే దగ్గరున్న చెక్క మీద అరచేత ఒక్కటి చరుస్తం. ఆ అదురుకు మనిషి మర్లి చూస్తడు.

ఇన్నేండ్లు సాంచాల నడుమ బతికినా నా చెవులు మాత్రం ముద్దుగ పనిచేస్తయి. గీ ముచ్చట అందరికి చెప్పుకుంట తిరుగుత. ఎదురుంగ నిలవడి మాట్లాడితే ఒక్క ముక్క పోనియ్య. నర్మద అటు తిరిగి గొణిగితే ఇనవడది గని, పెండ్లాం గొణుగుడు ఇనకపోవుడు చెవుడు కాదు, తెలివి.

మా బిడ్డ వందన ఐటీఐల ఫిట్టర్ పాసయింది. అక్కడ ఆకురాయితోని రాకి రాకి చేసిన ఇనుప ముక్కనొకటి ఇంటికి తెచ్చి టీవీ పక్కన పెట్టింది. దినాం తుడుస్తది. మా ఇంట్ల దేవుని పటాల కన్న ఆ ముక్కనే ఎక్కువ మెరుస్తది. కరీంనగర్ల జాబ్ మేళా ఉన్నదని, హైదరాబాద్ దిక్కున్న బండ్ల పార్టుల కంపెనీ ఒకటి ఆడపిల్లలను హాస్టల్ల ఉంచి, ట్రైనింగ్ ఇచ్చి, ఎన్కసీరి కొలువుల పెట్టుకుంటదని ఐటీఐ సారు చెప్పిండట. అది దొర్కకపోతే ఇగ నర్మద పక్కన కూసొని చాటల బీడీలు చుట్టుడే. ఆ మాట పిల్ల నోటితోని ఎన్నడనలే. ఆకు కత్తిరిచ్చుకుంట ఆ ఇనుప ముక్క దిక్కు చూసెటప్పుడు మాత్రం నాకు పానం తరుక్కపోయేది.

ఆడపిల్లయితే తల్లో తండ్రో వచ్చి ఒప్పుకోవాల్నట. "నేను పోత, నువ్వు ఇంటికాడుండు" అన్నది నర్మద. "కంపెనోళ్లతోని మాట్లాడుడు నీకేమెర్క" అని నేనే బయలెల్లిన. బస్సుల వందన నా మొఖం దిక్కు తిరిగి, "బాపు, ఆడ జర మెల్లగ మాట్లాడు" అన్నది.

"నేనెప్పుడు గట్టిగ మాట్లాడిన?" అన్న. కండక్టరు టికెట్లు కొట్టుడు ఆపి నన్నే చూసిండు.

మేళా ఒక పెద్ద హాల్ల పెట్టిండ్రు. పిల్లలు ఇసుకేస్తె రాలనట్టున్నరు. అంత మంది ఉన్నా పెద్దగ లొల్లి లేదు, మంచిగున్నది అనుకున్న. ఆ బండ్ల పార్టుల కంపెనీ టేబుల్ కాడ మమతారాణి అనే మేడం కూసున్నది, పేరు బిల్ల మీద ఉన్నది. వందన కాయితాలు చూసి, పనిముట్ల గురించి రెండు మూడు ప్రశ్నలడిగి, తల ఊపింది. పని అయినట్టే అనిపిచ్చి నాకు నెత్తిల ఢోలు మోగింది. ఇగ తండ్రి వంతు వచ్చింది.

మేడం తల కాయితాల్ల పెట్టి నన్నేందో అడిగింది. తలకాయ కిందికేసి మాట్లాడుడు ఏం పద్ధతి? మనిషి మొఖం చూడాలె గద. నాకైతే కోపం రాలే, ఒట్టు. కార్ఖానల పిలిచినట్టే టేబుల్ మీద అరచేత ఒక్కటి చరిచిన.

మేడం ఎగిరిపడ్డది. ఆమె చాయ్ గిలాస బోర్లపడి వందన కాయితం తడిసింది. చుట్టుపక్కల టేబుళ్లోళ్లు లేచి నిలవడ్డరు. పరిస్థితి జర చక్కదిద్దుదామని నేను మర్యాదగనే చెప్పిన: "మేడం, నా బిడ్డను మీ చేతుల పెడ్తున్న. పైలంగ చూసుకోవాలె. ఏమన్న అయితే నేను ఊకోను."

నేనైతే బతిమిలాడినట్టే చెప్పిన. వాచ్‌మన్ ఉరికొచ్చిండు.

మేడం వందన దిక్కు తిరిగింది. "ఇంట్లో ఇష్టం లేకుండా అమ్మాయిని తీసుకోలేమమ్మా. పోయినసారి ఒకాయన ఇట్లాగే గొడవ చేసి ట్రైనింగ్ మధ్యలో కూతుర్ని తీసుకెళ్లిపోయాడు. ముందు మీ నాన్నను ఒప్పించుకో" అని తడిసిన కాయితాన్ని పక్కకు పెట్టింది.

"మాకు ఇష్టమే మేడం" అన్న నేను. ఇనలేదేమోనని ఇంకోసారి అన్న. వాచ్‌మన్ నా రెక్క పట్టుకున్నడు.

వందన ఏడ్వలే. ఏడిస్తే బాగుండు. "బాపు, నువ్వు పోయి ఆ నీళ్ల డ్రమ్ము కాడ నిలవడు" అన్నది. పోయిన. నా నోట్ల మన్నువడ, పిల్ల నోటికాడి బుక్కను నా అరచేతితోనే కొట్టేస్తి. ఇంటికి పోయి నర్మదకు ఏం చెప్పాలె? కంపెనోళ్లతోని మస్తు మాట్లాడిన అని చెప్పాల్నా?

డ్రమ్ము కాడికెల్లి చూస్తే వందన మళ్ల ఆ టేబుల్ కాడికే పోయింది. మేడం పక్కకు పోయి నిలవడ్డది, ఇద్దరి మొఖాలు నా దిక్కే ఉన్నయి. ఆమె చెప్పింది నాకు ఒక్క ముక్క పోలే.

"మా బాపుకు కోపం లేదు మేడం. ఆయనకు చెవులు పోయినయి. సాంచాల కాడ పనిచేసి పోయినయి. ఒర్రుతున్నట్టు ఆయనకు తెల్వది. నేను ఫిట్టర్ చదువుతనంటే అందరు నవ్విండ్రు, ఆయనొక్కడే పోయి పేరు రాపిచ్చిండు." మళ్ల ఇంకోటడిగింది. "మీ కంపెనీల మిషిన్లు గూడ సప్పుడు చేస్తయా మేడం? చెవులకు ఏమన్న ఇస్తరా?"

నాకు చిర్రెత్తింది. ఎవలికే చెవుడు? ఇంత దూరంల నిలవడి నీ మాటలన్ని ఇంటలేనా అని అక్కడికెల్లి ఒర్రబోయిన. ఒర్రేతందుకు నోరు గూడ తెరిచిన.

అప్పుడు చూసిన, నా పక్కనే మైకు డబ్బా ఉన్నది. మనిషంత ఎత్తున్నది. దాని ముంగటి ఇనుప జాలి దడదడ అదురుతున్నది. నీళ్లు తాగెటోళ్లు ఒక చేత గిలాస పట్టుకొని ఇంకో చేత చెవి మూసుకున్నరు. చెయ్యి పెట్టి చూస్తే డ్రమ్ముల నీళ్లు గూడ వణుకుతున్నయి. నేను ఆ డబ్బా పక్కన నిలవడి, హాల్ల లొల్లి లేదు, మంచిగున్నది అనుకుంటున్న.

గంత సప్పుడుల ఆ కొసకున్న నా బిడ్డ మాట నాకెట్ల ఇనవడ్డది? ఇనవడలే. పెదవులు చూసిన. కార్ఖానల అందరం చేసే పనే అది. ఇంట్ల గూడ అదే చేస్తున్ననని నాకు తెల్వలే. నర్మద అటు తిరిగితే ఇనవడకపోవుడు తెలివి కాదు. ఇంటిల్లిపాదికి ఎర్కనే, నాకొక్కనికే తెల్వది. బస్సుల పిల్ల నా మొఖం దిక్కు తిరిగి ఎందుకు మాట్లాడిందో అప్పుడు సమజైంది. నాకు మస్తు దుఃఖమొచ్చింది, సిగ్గు గూడ అయింది.

మేడం తల ఎత్తింది. "ఇస్తామమ్మా. పెట్టుకోకపోతే లోపలికే రానివ్వం" అన్నది. ఎన్కసీరి నా దిక్కు చూసి, చెయ్యి ఊపి, "మీకు ఇష్టమేనా?" అని అడిగింది.

నోటిదాక వచ్చిన మాటను మింగిన. పిడికిలి బిగించి పైకెత్తి, కిందికి గుంజిన.

మేడానికి సమజుగాలే. వందన నవ్వింది. "సాంచ నడువనియ్ అంటుండు మేడం" అన్నది. మేడం ఆ తడి కాయితాన్ని దస్తీతోని అద్ది, ముంగటికి తీసి సంతకం చేసింది.

వచ్చేటప్పుడు బస్సుల వందన పక్కన కూసున్న. కొంత దూరం పోయినంక, నా గొంతు నాకే తెల్వనంత సన్నగ, "బిడ్డా, గిప్పుడెట్లున్నది, మెల్లగున్నదా?" అని అడిగిన. ముంగట సీటాయన మర్లి చూడలే.

"మంచిగున్నది బాపు" అన్నది వందన. గొంతుతోని అన్నదో, ఒట్టి పెదవులతోని అన్నదో నాకు తెల్వలే.