శిగం రాని బోనం

గట్టమ్మకు శిగం వచ్చి పూనకంతో ఊగిందంటే కొడకండ్లలో ఆ వాడంతా చేతులు జోడించి నిలబడేది. చచ్చిపోయిన కొడుకు ఐలేశ్ ఆమె నోట పలుకుతాడని అందరి నమ్మకం. ఆమె మొగుడు కట్టయ్య మాత్రం, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, డప్పు వినబడగానే ఏదో పని గుర్తొచ్చి పొలం బాట పట్టేవాడు. మోటరు పెట్టి రమ్మని ఆ రోజు కొడుకును తిట్టి పంపింది తనే. కరెంటు కొట్టి పిల్లవాడు మడిలోనే ప్రాణం విడిచాడు. శిగంలో ఎదురుపడితే ఏమంటాడోనని భయం.

ఒకనాడు పొయ్యి ముందరే శిగం వచ్చి గట్టమ్మ ఎడమ చెయ్యి కాలింది. కట్టయ్య ఆమెను జనగామ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు మూర్ఛ అని గోలీలు రాశాడు. మింగనంది గట్టమ్మ. అప్పుడు ఆ దవాఖానలో రోగులకు కౌన్సెలింగ్ చేసే శోభారాణి ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"శిగం వచ్చే ముందు ఏమైతది అక్కా?"

"అవ్వా అని పిలుస్తడు. పానం సల్లగైతది."

"పెదవులు చప్పరిస్తది మేడం," కట్టయ్య అందుకున్నాడు. "ఎడమ చెయ్యి కొంగు పీకుతనే ఉంటది."

"గది మెదడుల పుట్టే మూర్ఛ. పిలుపు గూడ ఆడనే పుడ్తది. గని ఆ పిలుపు నీకేందో ఏ మెషీనూ చెప్పది. అబద్ధమని నేననను. గోలీలేస్తే అది ఆగిపోవచ్చు. ఏయకుంటే ఏ మంటలనో పడి నువ్వే పోతవు అక్కా."

"వాణ్ని రెండోపారి సంపుకోమంటున్నవా బిడ్డా?"

శోభారాణి ఆమె చెయ్యి పట్టుకుంది. గట్టమ్మ ఏడ్చి ఏడ్చి, మొగుని ముఖం చూసి, గోలీ మింగింది.

బోనాలు వచ్చాయి. డప్పులు ఎంత మోగినా గట్టమ్మ వేపకొమ్మ పట్టుకొని ఊరికే నిలబడి ఉంది. వాడవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. అప్పుడు తెలిసింది, దూరంగా నిలబడి చూస్తున్న కట్టయ్యకు, ఇన్నాళ్లూ అడగని మాట ఇక అడిగే చోటు లేదని. పరుగున వచ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"ఐలేశా! తిట్టి పంపిన గదరా... నా మీద కోపమున్నదా కొడుకా?"

గట్టమ్మ కాసేపు అతన్ని చూసింది. తర్వాత జుట్టు విరబోసుకొని ఊగింది.

"లేదు బాపూ. నాకేం కోపం లేదు. నువ్వు జర బువ్వ తిను బాపూ."

కట్టయ్య తలెత్తి చూశాడు. ఆమె పెదవులు చప్పరించడం లేదు. ఎడమ చెయ్యి కొంగును పీకడం లేదు. కాలిన మచ్చతో, కదలకుండా, తన నెత్తి మీద ఉంది.

ఆ చేతిని రెండు చేతులా పట్టుకొని, "తింట కొడుకా," అన్నాడు.