గుడ్డ వెనక మాట

పళ్ళ డాక్టరు వరహాలరావు అరకులోయ సంతకు వచ్చింది చలి బాగా ముదిరిన రోజుల్లో. సంతలో ఉప్పూ బట్టలూ అమ్మే తాతారావు అంతకు ముందు విజయనగరంలో ఆయన చేత పన్ను తీయించుకున్నాడు. "మా కొండమీద జనం దవడలు వాసిపోయి ఏడుత్తన్నారు బాబూ, ఓపాలి రండి" అని బతిమాలాడు. శృంగవరపుకోట నుంచి ఎడ్లబండిలో ఘాటీ ఎక్కి వచ్చిన డాక్టరుకు తన దుకాణం అరుగు మీదే మడతకుర్చీ వేయించాడు. పక్కన ఇత్తడి బేసిను, స్పిరిటు పొయ్యి మీద మరుగుతున్న పటకార్లు.

పని మొదలుపెట్టే ముందు వరహాలరావు మూతికీ ముక్కుకీ తెల్లగుడ్డ కట్టుకుంటాడు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంటాడు. ఆ రోజుల్లో అలా చేసే పళ్ళ డాక్టర్లు తక్కువ. మద్రాసులో ఆయనకు పని నేర్పిన గురువుకు ఒక రోగి దగ్గు నుంచి క్షయ అంటుకుంది. ఏడాది తిరక్కుండానే పోయాడు. ఆ పాడె మోసి వచ్చాక, మూతికి గుడ్డ లేకుండా వరహాలరావు ఎవరి నోటి మీదకీ వంగలేదు. భార్య జయలక్ష్మి పల్చటి మల్లుగుడ్డను నాలుగు మడతలు వేసి కుట్టి ఇచ్చేది.

అదేమీ సుఖమైన సంగతి కాదు. వదిలిన ఊపిరి కళ్ళద్దాల మీదకు ఎక్కి లోకం మసకబారేది. మధ్యాహ్నానికి కణతలు పోటెత్తేవి. తొడుగుల్లో చేతులు చెమటకు నాని, కదిలే పన్నూ కదలని పన్నూ వేలికి ఒకేలా తగిలేవి. అన్నిటికన్నా కష్టం మాట. గుడ్డలోంచి ఏం చెప్పినా రోగి "ఆఁ?" అనేవాడు. కళ్ళు తప్ప మరేమీ కనిపించని ఆ ముఖంలో నవ్వుందో కోపముందో తెలియక పిల్లలు గుక్కపట్టేవారు.

ఆ సంతరోజు గాసి వచ్చాడు. కొండ మీది పల్లె మనిషి, నలభై దాటి ఉంటాయి. ఎడమ దవడ కాయలా ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. ఉప్పు, పొగాకు బేరం మాటలు తప్ప తెలుగు రాదు. కుర్చీలో బుద్ధిగానే కూర్చున్నాడు. డాక్టరు గుడ్డ కట్టుకుని తిరిగేసరికి మాత్రం ఒక్క దూకులో అరుగు దిగి సంత మధ్యకు పోయాడు. తాతారావు వెంటబడి, వాళ్ళ భాషలో చాలాసేపు నచ్చజెప్పి తీసుకొచ్చాడు.

"మీ తప్పు కాదు బాబూ" అన్నాడు తాతారావు. "పెద్ద యుద్ధం అయిన ఏడు విషజ్వరం వచ్చింది కదా, అప్పుడు కిందనుంచి కొందరొచ్చేరు. మూతులకి ఇలాగే గుడ్డలు. జబ్బోళ్ళని డోలీల్లో ఎత్తుకెళ్ళి, గెడ్డ నీళ్ళు దాటించి అవతల పాకలో పెట్టేరు. ఈడి పెళ్ళాం బుద్రి కూడా ఎళ్ళింది. మరి రాలేదు. పాక కాల్సీసి ఆళ్ళూ ఎళిపోనారు. ఎక్కడ పాతేరో సెప్పినోడు లేడు."

వరహాలరావు గుడ్డ దించి గాసికి తన ముఖం చూపించాడు. అతను ఆ ముఖాన్ని, ముఖ్యంగా నోటిని, నిదానంగా చూశాడు. తర్వాత తల ఊపి వచ్చి కూర్చున్నాడు. నొప్పి అంత పనీ చేయిస్తుంది.

గుడ్డ మళ్ళీ పైకి లాక్కుని, మత్తుసూది వేసి, పటకారు పట్టాడు డాక్టరు. పన్ను పుచ్చి పైభాగం అటుకులా విరిగింది. వేరు లోపల ఉండిపోయింది. అద్దాల మీద ఆవిరి. తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. రబ్బరు కింద వేళ్ళు మొద్దుబారాయి. కన్నూ వేలూ రెండూ చెప్పని చోట, ఎముక పట్టు వదిలే ఆ చిన్న కదలిక కోసం ఊపిరి బిగబట్టి వెతికాడు. చివరికి వేరు కదిలింది. చీమూ నెత్తురూ ఒక్కసారిగా వచ్చాయి.

బేసిను అతని గడ్డం కిందికి జరిపి, "ఉమ్మండి" అన్నాడు వరహాలరావు.

గాసి ఉమ్మలేదు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. నెత్తురు గడ్డం మీదుగా మెడకు కారుతోంది. తన చేత్తో డాక్టరు మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు.

"ఉమ్మండి!" గట్టిగా అన్నాడు డాక్టరు.

గాసి తన భాషలో ఏదో అన్నాడు. తాతారావు ముఖం పాలిపోయింది.

"ఏమిటంటున్నాడు?"

"ఆ మాటేనంట బాబూ."

డాక్టరు నెత్తురు ఆగేదాకా ఆగి, గాసి నోట్లో దూది కుక్కి, అప్పుడు తాతారావు తెలుగులో చెప్పగా సంగతంతా విన్నాడు. బుద్రిని ఎత్తుకెళ్ళిన పొద్దున గాసి గెడ్డకు ఇవతల ఒడ్డున నిలబడ్డాడు. డోలీ నీళ్ళు దాటింది. వెనక నడుస్తున్న గుడ్డమూతి మనిషి అవతలి ఒడ్డెక్కి, ఇటు తిరిగి, చెయ్యెత్తి ఒక మాట అన్నాడు. గాసికి అప్పుడు తెలుగు బొత్తిగా రాదు. వచ్చినా గుడ్డలోంచి ఏం తెలుస్తుంది? ఏం చేయాలో తోచక చాలాసేపు నిలబడి ఇంటికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ ఆ చప్పుడు అతని చెవిలోనే ఉంది. గాలి వీచినా అదే, నిద్రపట్టబోయినా అదే. మాటకు అర్థం ఎవరినైనా అడుగుదామంటే తన నోటితో పలకడం రాలేదు. ఇవాళ మళ్ళీ అలాంటి గుడ్డ వెనక నుంచే ఆ చప్పుడు విన్నాడు.

"ఉమ్మండి అనుండడు కదా బాబూ" అన్నాడు తాతారావు. "ఆడేటన్నాడో సెప్పమంటన్నాడు. గుడ్డ కట్టుకునే మీకు తెలుస్తాదంట."

వరహాలరావుకు తల పోటెత్తుతోంది. ఆలోచించి, గుడ్డ సరిచేసుకుని, "నమ్మండి" అన్నాడు.

గాసి కళ్ళు మూసుకుని విని తల ఊపాడు. అదే.

అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ డాక్టరు నోటికి మరో మాట వచ్చింది. రమ్మనండి అనే మాట తొందరలో ఎలా అవుతుందో అలా అన్నాడు. "రమ్మండి."

గాసి తల ఊపాడు. అదే.

"పొమ్మండి."

అదీ అదే. నాలుగు మడతల గుడ్డలోంచి మూడూ ఒకే మూలుగులా బయటికి వచ్చాయి. చెప్పిన తనకే తేడా వినపడలేదు.

గాసి తాతారావును అడిగాడు, మూడింటికీ అర్థాలేమిటని.

"చెప్పకు" అనబోయి వరహాలరావు ఆగిపోయాడు. తాతారావు తల వంచుకుని చెప్పాడు. మొదటిదానికి గాసి ముఖం కదలలేదు. మూడోదానికీ కదలలేదు. రమ్మన్నారేమో, తనూ డోలీ వెంట వెళ్ళి ఉండవలసిందేమో అన్నదగ్గర మాత్రం నోట్లో దూదిని చేత్తో అదుముకుని, గెడ్డ ఉన్నవైపు చూశాడు.

"రేపు మిమ్మల్ని గెడ్డ కాడికి రమ్మంటన్నాడు" అన్నాడు తాతారావు. "సచ్చినోళ్ళని ఇంటికి పిలుచుకోడం ఆళ్ళ ఆచారం, బుద్రిని ఎవులూ పిలవనేదు. బుద్రిని కిందోళ్ళ మాట తీసుకెళ్ళిందంట. కిందోళ్ళ మాటే ఎనక్కి పిలవాలంట. మీరే పిలవాల. మూతికి గుడ్డ ఉండకూడదంట."

"నేను పళ్ళు పీకేవాణ్ణి తాతారావూ. ఇవన్నీ నాకేం తెలుసు?"

"నానూ అదే సెప్పేను. ఆడు ఇనడు."

మర్నాడు పొద్దెక్కాక ముగ్గురూ వెళ్ళారు. గాసి దవడ వాపు సగం దిగింది. గెడ్డలో మోకాలి లోతు నీళ్ళు, మంచులాంటి చలి. తాతారావు ఇవతలే రాయి మీద కూర్చుండిపోయాడు, దాటనన్నాడు. అవతల పాక ఉన్నచోట తుప్పలు మొలిచాయి. గాసి ఒకచోట ఆగి, డాక్టరు వైపు చూసి, తన పెదవుల మీద వేలు పెట్టి తీశాడు. పిలవమని.

వరహాలరావుకు తన నోరు మొదటిసారి బరువుగా తోచింది. ఏళ్ళ తరబడి రోగుల ముందు దాచుకున్న నోరు. చల్లగాలి పెదవులకు తగులుతుంటే బట్టలు లేకుండా నిలబడ్డట్టుంది. ఎవరూ లేని తుప్పల వైపు తిరిగి, ప్రతి అక్షరమూ విడివిడిగా వినబడేటట్టు పిలిచాడు.

"బుద్రమ్మా! ఇంటికి రా తల్లీ. గాసి వచ్చాడు. రా."

కొండ ఆ మాటను కొంత తీసుకుని కొంత తిరిగిచ్చింది. తుప్పల్లో ఎండుటాకులు కదిలాయి. గాలి ఉందో లేదో ఆయన చూసుకోలేదు. గాసి అప్పటికే తిరిగి నడుస్తున్నాడు. వరహాలరావు అతని వెనక, అతని అడుగుల్లోనే అడుగులు వేస్తూ నీళ్ళు దాటాడు. దాటుతుంటే వెనకగా నీళ్ళు చిందిన చప్పుడైంది. రాయి మీదున్న తాతారావు చటుక్కున లేచి నిలబడ్డాడు. డాక్టరు వెనక్కి చూడలేదు.

పల్లె దాకా గాసి ఒక్కసారి కూడా తల తిప్పలేదు. కాలిబాట ఇరుకైనచోట మాత్రం, వెనక నడిచే మనిషి నీరసంగా ఉందన్నట్టు, అడుగు నెమ్మది చేసేవాడు. ఇంటి ముందు ఆగాడు. తడిక తలుపు తీసి, గుమ్మానికి ఓ పక్కగా ఒదిగి నిలబడ్డాడు. వరహాలరావు కూడా ఎందుకో తనకే తెలియకుండా దారికి అడ్డు లేకుండా పక్కకు తప్పుకున్నాడు.

ఒక మనిషి వంగి లోపలికి వెళ్ళడానికి పట్టేంతసేపు గాసి అలాగే ఉన్నాడు. తర్వాత తనూ లోపలికి వెళ్ళి తడిక వేసుకున్నాడు.