నడికట్టు కట్టిన రాతి బాలింత

నేను ఒక రాతి తల్లిని. రాయి అన్నానే గానీ నిజానికి రాయిని కాను. ఇంగ్లండులో మట్టిలో గాజుపొడి కలిపి, అచ్చులో నొక్కి, బట్టీలో కాల్చి, రాయిలా కనబడమని నన్ను ఓ తోటలో నిలబెట్టారు. లోపలంతా డొల్ల. చంకలో ఓ పిల్లాణ్ణి ఇచ్చి, జారిపోకుండా ఇనుప ఊచ గుచ్చారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ ఊచ తుప్పు పడితేనో?

అక్కడ మంచు కురిసేది. పిల్లాడి ఒంటి మీద నూలుపోగు లేదు. అదే అందమని దొరసానులు కోట్లు బిగించుకుని వచ్చి చూసేవారు. తర్వాత ఒక దొర మమ్మల్ని గడ్డిలో చుట్టి, ఓడెక్కించి, వాల్తేరు బంగళాకి తెచ్చాడు. ఓడ ఊగినప్పుడల్లా పిల్లాడు పోయాడనే అనుకున్నాను. చివరికి దొర పోయాడు, పిల్లాడు ఉన్నాడు.

బంగళా చేతులు మారి పైడిరాజుకి వచ్చింది. సముద్రపు గాలికి ఊచ తుప్పు పట్టి, అనుకున్నంతా చేసింది. నా నడుం దగ్గర పగులిచ్చింది, పిల్లాడు పక్కకు ఒరిగాడు. పైడిరాజు భార్య వరహాలమ్మ నా పొట్ట తట్టి చూసింది. బోలుగా మోగింది.

"పురిటి కడుపు కదేటి, ఇలాగే ఉంటాది" అంది.

నడికట్టు కట్టకపోతే పొట్టలో గాలి చేరుతుందని, పాత కోకతో పిల్లాడితో సహా నా నడుం బిగించేసింది. సాంబ్రాణి వేసింది. పిల్లాడి బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. రెండొందల ఏళ్లుగా ఎదగని పిల్లాడికి ఎవరి దిష్టి తగులుతుందో తెలియదు గానీ, నాకు మాత్రం కాస్త ఊపిరాడింది.

వీధిలో నవ్వుతున్నారని పైడిరాజు పాత విగ్రహాల వ్యాపారి దామోదరాన్ని పిలిపించాడు.

"గుడ్డ విప్పితే పగులు చూస్తాను. పిల్లాడు వదులైతే కోసి, వాణ్ణొక్కణ్ణీ పట్టుకెళ్తాను" అంటూ ఆయన ముడి మీద చెయ్యి వేశాడు. నా గుండె, అంటే ఆ డొల్ల, జారిపోయింది.

"బాబూ, బాలింత నడికట్టు మగోళ్లు ఇప్పుతారేటి? మీ అమ్మకి నువ్వే ఇప్పినావా?" అంది వరహాలమ్మ.

దామోదరం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒలే, అది బొమ్మే" అన్నాడు పైడిరాజు.

"అయితే నువ్విప్పు."

పైడిరాజు చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆపైన మగవాళ్లిద్దరూ నాకు వీపు తిప్పి నిలబడి, ఎండ గురించి మాట్లాడుకున్నారు. వ్యాపారి ఖాళీ బండితో వెళ్లిపోయాడు.

పిల్లాడు నా చంకలోనే ఉన్నాడు. ఇక భయం లేదనుకున్నాను. ఈ ఉదయం వరహాలమ్మ పెరట్లో కాగు పెట్టి, నీళ్లలో వేపాకు వేసింది. "ఇంకెన్నాళ్లు పురుడు? ఇయ్యాల తల్లికీ పిల్లడికీ తానం చేయించేత్తాను" అంటోంది, ఎంతో ప్రేమగా.

స్నానమంటే, ముందు నడికట్టు విప్పుతారు కదా.