అనిల అత్త చదవని గుర్తులు

పెళ్లయ్యాక మా మొదటి ప్రయాణం కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి, ఆర్టీసీ బస్సులో. కిటికీ సీటు నాకే దొరికింది, సతీశ్ భుజం కూడా. రోడ్డు పక్కన ఆరబోసిన మక్కజొన్నలు చూసి నేను మురిసిపోతుంటే, తన పెద్దబాపును, అంటే వాళ్ల నాన్నకు అన్నను, ఎలా అడగాలా అని ఆయన గుబులుగా కూర్చున్నాడు.

ఆ పెద్దబాపు పేరు పురుషోత్తం. గణితంలో పరిశోధన చేసిన మనిషి. ఎల్లారెడ్డిలో పాఠాలు చెప్పేటప్పుడు, చూపులేని ఒక విద్యార్థి కోసం లెక్కలను తెలుగులో పైకి చదివే సాఫ్ట్‌వేర్ రాశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని లోకానికి ఇచ్చేశాడు. అందులో గొంతు ఆయన భార్య అనిలది. ఇంటర్ లెక్కల్లో వచ్చే గుర్తులన్నీ చదవడం పూర్తికాకముందే ఆమె చనిపోయింది. ఆమె చదవని గుర్తు వస్తే సాఫ్ట్‌వేర్ చప్పుడు చేయకుండా దాటిపోతుంది. ఆ ఖాళీల్లో మరో గొంతు పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు.

కామారెడ్డిలో సతీశ్ దగ్గర ఇంటర్ లెక్కలు నేర్చుకునే ఇఫ్ఫత్‌కు చూపు లేదు. వచ్చే నెల పరీక్ష. ఆ ఖాళీల దగ్గరే ఆమె తప్పుతోంది.

ఎల్లారెడ్డిలో భోజనాలయ్యాక సతీశ్ పెద్దబాపుకు సంగతి చెప్పి, ఆ ఖాళీల్లో వేరే గొంతు పెట్టనా అని అడిగాడు.

“నన్నెందుకు అడుగుతున్నవ్‌రా? ఎవలైనా మార్చుకోవచ్చని నేనే చెప్పిన గదా. ఇంట్ల కూసొని చేసుకోకపోయినవా?”

“చెప్పినవ్ పెద్దబాపు. గని అది పెద్దమ్మ గొంతు. నీకు చెప్పకుంట ఎట్ల ముట్టుకుంట?”

ఆయన లేచి కంప్యూటర్‌లో ఒక లెక్క పెట్టాడు. మొదటి గుర్తు దగ్గర నిశ్శబ్దం. తర్వాత, “రెండు ఎక్స్, డి ఎక్స్.” అనిల అత్తను నేను ఫోటోలోనే చూశాను. గొంతు వినడం అదే మొదలు. చివర్లో చిన్న దగ్గు కూడా ఉంది.

ఆయన మైకు నా వైపు జరిపాడు. “నువ్వు చదువు బిడ్డా.”

లెక్క ముందున్న ఇంటిగ్రల్ గుర్తు చూసి, “సమాకలనం,” అన్నాను.

“గిట్ల నవ్వుకుంట చదువుతరా? పరీక్షల పిల్లకు గాబరైతది.”

నవ్వు మింగి మళ్లీ చదివాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకోసారి చదవమన్నాడు. నచ్చేదాకా వదల్లేదు.

ఆ మాటను దాని ఖాళీలో పెట్టాక, సతీశ్ లెక్కను ఇఫ్ఫత్‌కు పంపి, ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

“ఎక్స్ వర్గం, సార్!” అని జవాబు అరిచింది ఇఫ్ఫత్.

“స్థిరాంకం ఏది బేటీ? చివర్ల ప్లస్ సి మింగినవా?” అన్నాడు పురుషోత్తం మామ. “మల్ల పెట్టు. మంచిగ విను.”

అవతల ఇఫ్ఫత్ లెక్కను మళ్లీ పెట్టింది; నా ‘సమాకలనం’ వెనకే అనిల అత్త గొంతు వినిపించింది. మామ తన కుర్చీని ఫోన్ దగ్గరికి జరుపుకున్నాడు.