నా వీపు మీది పసుపు మచ్చ

నేను ఒక క్యాచర్ గ్లౌజును. తోలు సంచి కదా అని తేలిగ్గా తీసిపారేయకండి. సాఫ్ట్‌బాల్ ఆటలో పిచర్ వేసిన ప్రతి బంతీ చివరికి నా దగ్గరికే రావాలి, మధ్యలో ఎవరైనా బ్యాటుతో అడ్డుపడితే తప్ప.

పుట్టింది మీరట్‌లో. గేదె తోలు కోసి, లోపల మెత్త కుక్కి, మైనం పట్టించిన దారంతో నన్ను కుట్టినాయన జన్మలో ఒక్కసారి కూడా ఈ ఆట చూడలేదు. అయినా ఆయన వేసిన కుట్టు ఒక్కటీ ఊడలేదు. నిజామాబాద్ జిల్లా ఎల్లారం హైస్కూలు పీఈటీ లింబాద్రి సార్ నన్ను తెచ్చుకున్నారు. కొత్తలో నేను అట్టముక్కలా బిరుసు. సార్ నాకు కొబ్బరినూనె రాసి, లోపల ఒక బంతి పెట్టి, సైకిల్ ట్యూబుతో బిగించి, వారం రోజులు పరుపు కింద పెట్టుకుని పడుకున్నారు. ఆ వారం వాళ్లింటావిడ నా గురించి ఏమన్నదో ఇక్కడ చెప్పను.

తర్వాత ఎంతమంది ఆడపిల్లల చేతుల్లోకి వెళ్లానో! బడి వదిలే పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చేది. కొత్తగా వచ్చిన పిల్ల నా వాసనకు ముక్కు మూసుకునేది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లా ఏడ్చేది. పదేళ్లు అలా గడిచేసరికి చూపుడువేలి చోట లోపలి మెత్త పూర్తిగా అణిగిపోయింది. సరిగ్గా అప్పుడే తొమ్మిదో తరగతి జమున నన్ను తొడుక్కుంది.

క్యాచర్ పని కూర్చోవడమే కదా అనుకుంటారు చూసేవాళ్లు. బ్యాటు పట్టిన పిల్ల వెనక గొంతుక్కూర్చుని, ఎదురుగా ఉన్న పిచర్‌కు ఏ బంతి వేయాలో చెప్పేది క్యాచరే. నోటితో చెప్తే ఊరందరికీ తెలుస్తుంది గనక తొడల మధ్య కుడిచేతి వేళ్లు చూపిస్తుంది. ఒక వేలంటే స్పీడు, రెండంటే స్లో. ఆ గుర్తు అవతలి జట్టుకు తెలిసిపోయిందా, ఇక ఆట ముగిసినట్టే.

మా పిచర్ వినోద. ఒకటో తరగతి నుంచి జమునా, ఆమే ఒకే బెంచీ. వినోదకు చూపు కాస్త మందం, కళ్లద్దాలు పెట్టుకుని ఆడమంటే ఆడదు. అయినా జమున గుర్తులు ఆమెకు స్పష్టంగా కనిపించేవి. ఎందుకంటే అవి పసుపు తవ్వే రోజులు. ఇంటికెళ్లి పచ్చి కొమ్ములు విరిచి విరిచి జమున పది వేళ్లూ పసుపు రంగు తేలి మెరిసేవి.

"సబ్బు పెట్టి కడగకే, నాకు మంచిగ కనవడ్తున్నయ్" అనేది వినోద.

ఆ పసుపు తమ అదృష్టమని ఇద్దరూ మురిసిపోయేవారు. ఆ ఏడు వినోదకు అదృష్టం అవసరమే. "ఈపారి జిల్లా టీంల పేరొస్తే ఆడు. రాకుంటే ఆట బంద్, మల్ల అడగొద్దు" అని వాళ్ల నాయన తేల్చి చెప్పేశాడు. జిల్లా జట్టును ఎంపిక చేసేవాళ్లు మండలాల టోర్నీ ఫైనల్ చూడటానికి వస్తారు.

టోర్నీ మొదటిరోజు మోతెపల్లితో మ్యాచ్. వినోద ఏం వేసినా కొట్టారు. స్పీడు బంతికి బ్యాటు ముందే సిద్ధంగా ఉండేది, స్లో బంతికి ఓపిగ్గా ఆగేది. మావాళ్లు గుర్తులు మూడుసార్లు మార్చారు. ఒకటి స్లో, రెండు స్పీడు అన్నారు. కాదని మూడు వేళ్లు తెచ్చారు. అదీ కాదని, మొదటి గుర్తు ఉత్తది, రెండోదే అసలుది అన్నారు. ఈ మార్పులకు వినోద ఒకసారి తికమకపడింది గానీ మోతెపల్లి మాత్రం పడలేదు.

మూడో బేస్ పక్కన, అంటే క్యాచర్‌కు ఎడమవైపు, వాళ్ల బెంచీ. దాని మీద కాలికి కట్టుతో సుకన్య అనే పిల్ల కూర్చుంది. చీలమండ బెణికి ఆడలేకపోయింది పాపం. స్పీడు బంతి వచ్చే ముందు ఆ పిల్ల చప్పట్లు కొట్టేది, స్లోకు చేతులు కట్టుకుని ఊరుకునేది. ఈ సంగతి నాలుగో బంతికే నాకు అర్థమైంది. చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్నవాళ్లేమో దాన్ని ఒకరి మీద ఒకరు అరవడానికి వాడుకుంటున్నారు.

మ్యాచ్ పోయింది. జమున నన్ను చంకలో పెట్టుకుని నేరుగా వినోద దగ్గరికి నడిచింది.

"మన గుర్తులు వాళ్లకెట్ల తెలుస్తున్నయే? నేనైతే చెప్పలే."

"అంటే నేను చెప్పిన్ననా?"

"సుకన్య మీ మేనమామ బిడ్డనే గద. మొన్న ఐతారం వాళ్లింటికి పోయినవ్ గద."

వినోద చేతిలో బంతి కింద వదిలేసి వెళ్లిపోయింది. పదేళ్లలో ఎన్నో దెబ్బలు తిన్నాను గానీ ఆ మాటంత గట్టిగా నాకేదీ తగల్లేదు.

మిగతా మ్యాచులు గెలవడంతో ఫైనల్లో మళ్లీ మోతెపల్లే ఎదురు. ముందురోజు సాయంత్రం అందరూ వెళ్లిపోయాక జమున మైదానం అరుగు మీద కూర్చుని నన్ను తుడుస్తోంది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. నా వీపు మీద ఒక పసుపు మచ్చ ఉంది.

మెత్త అణిగిన చోట స్పీడు బంతి పడితే వేలు జివ్వున లాగుతుంది. అందుకని స్పీడు అడిగిన ప్రతిసారీ జమున ఎడమ చూపుడువేలిని నా వెనక సందులోంచి బయటికి తీసి వీపు మీద ఆనించేది. స్లో అయితే లోపలే ఉంచేది. అలా చేస్తున్నట్టు ఆమెకే తెలియదు. గోధుమరంగు తోలు మీద పసుపు పట్టిన వేలు, మూడో బేస్ బెంచీకి ఎదురుగా! కుడిచేతి గుర్తులు ఎన్నిసార్లు మారిస్తే ఏం లాభం, ఎడమచేతి వేలు అంతా చెప్పేస్తుంటే?

జమున పరుగెత్తింది. బోరింగు దగ్గర వినోద బిందె నింపుతోంది.

"నేనేనే వినోదా. నా ఏలే చెప్పింది వాళ్లకు. నిన్ను అనరాని మాటన్న" అంటూ నన్ను ముందుకు చాచింది.

వినోద మచ్చను బొటనవేలితో రుద్ది చూసింది. "నాకు మస్తు కోపమున్నది. రేపు ఆటైనంక తిడ్త నిన్ను. గిప్పుడైతే ఒక్క పని చెయ్. ఏలు బయట పెట్టి స్లో అడుగు. లోపట పెట్టి స్పీడ్ అడుగు."

జమున నా లోపల నొక్కి చూసింది. మెత్త లేదు. రేపటి స్పీడు బంతులన్నీ వేలి మీదే. "సరే" అంది.

పొద్దున లింబాద్రి సార్‌కు విషయం చెప్పారు. "గుడ్డ మడతపెట్టి లోపల ఎయ్యి బిడ్డా" అన్నారాయన. వేస్తే జమున చెయ్యి దూరలేదు. తీసేసింది.

ఫైనల్లో సుకన్య చప్పట్లు కొట్టింది, బంతి నింపాదిగా వచ్చింది, బ్యాటు ముందే గాలిలో తిరిగిపోయింది. మళ్లీ చప్పట్లు, మళ్లీ అదే తంతు. ఒకసారి నిజమని తేలినదాన్ని రెండోసారి సరిచూసుకోవాలంటే మనుషులకు ఎంత బద్ధకమో! ఐదో ఇన్నింగ్స్‌కు గానీ ఆ పిల్లకు అనుమానం రాలేదు. అప్పటినుంచి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

చివరి ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు ముందున్నాం. ఇద్దరు అవుట్, మూడో బేస్ మీద పరుగుకు సిద్ధంగా వాళ్ల పిల్ల, బ్యాటర్‌కు రెండు స్ట్రైకులు, ఇంకొక్క బంతి బ్యాటుకు తప్పి నాలో పడితే ఆట మాదే. జమున వేలు నా లోపల కాలిపోతోంది. ఆమె ఒక వేలు చూపించింది. వినోద తల అడ్డంగా ఊపింది. మళ్లీ ఒక వేలు. మళ్లీ కాదంది. వినోదకు స్లో వేయాలనుంది. ఎవరి కోసమో నాకు తెలుసు, జమునకూ తెలుసు.

జమున పిడికిలితో నన్నొక గుద్దు గుద్ది, మూడోసారీ ఒకే వేలు చూపింది. ఈసారి చూపుతూ "ఎయ్యే" అని గట్టిగానే అరిచింది. రహస్యం ఎటుపోయిందో దేవుడికెరుక.

వినోద వేసింది. అంత వేగం ఆమె చేతిలో ఉందని నాకు అంతవరకు తెలియదు. బ్యాటు ఆలస్యంగా తిరిగింది. బంతి సరిగ్గా మెత్త లేని చోటే పడింది. లోపల వేలు విలవిల్లాడింది గానీ, బంతిని జమునా వదల్లేదు, నేనూ వదల్లేదు.

అందరూ గంతులేస్తుంటే వినోద మాత్రం వచ్చి, నన్ను జమున చేతినుంచి మెల్లగా లాగింది. వేలు ఉబ్బి పచ్చి పసుపు కొమ్ములా ఉంది.

"తిడ్తనన్నవ్ గద, తిట్టు."

"నోరొస్తలేదే" అంటూ వినోద ఏడ్చేసింది. ఇద్దరూ నన్ను మధ్యలో ఇరికించి మరీ ఏడ్చారు.

జిల్లా జట్టులో వినోద పేరు వచ్చింది. జమున పేరూ వచ్చింది. కానీ వేలెముక చిట్లి కట్టు పడటంతో క్యాంపుకు వేరే పిల్ల వెళ్లింది. జమున నన్ను వినోద సంచిలో పెట్టి, "నేను రాకుంటేంది, ఇది వస్తది" అంది.

ఆ మరుసటి ఏడాది బడికి కొత్త గ్లౌజు వచ్చింది. నేను కప్పుల పక్కన అద్దాల బీరువాలోకి చేరాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒక పిల్ల నన్ను బయటికి తీసి మచ్చను సబ్బుతో రుద్దుతుంది. అది పోదు.

పోయిన నెల వినోద వచ్చింది, ఇప్పుడు తనే కోచ్. పక్కన జమున. వినోద పిచర్ కదా, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను తొడుక్కోలేదు. ఆ రోజు తొడుక్కుంది. చూపుడువేలు లోపలికి పోనిచ్చి, అణిగిన చోట ఆపింది.

"గిక్కడ్నానే?" అంది మెల్లగా.

"ఆఁ, గాడ్నే" అంది జమున.

వినోద చాలాసేపటి వరకు వేలు తీయలేదు.